ఉప్పునీళ్ల ఇంటికి ముస్తాబు

సముద్రానికి హద్దు గీసి, ఇంతవరకే నీ చోటు అని చెప్పిన దేవునికి స్తోత్రం. చేదు ఊటను తీపి చేయగలిగిన ఆయనకు మహిమ. అడిగితే ఇచ్చినందుకు, అడిగినా ఇవ్వనప్పుడు కూడా ఆయన దేవుడే అయినందుకు, ఇది రాసే ముందు తల వంచుతున్నాను. స్తుతి ముందు, సంగతి తరువాత అని మా ఆదివారపు బడిలో నేర్పారు. నోటికి రాని సంగతులు చెప్పవలసి వచ్చినప్పుడు ఆ క్రమం అస్సలు తప్పకూడదని కూడా నేర్పారు.

నా పని, అమ్మకానికి పెట్టిన ఇళ్లను చూపులకు సిద్ధం చేయడం. అమలాపురంలో దీన్ని ఇంకా చాలామంది పని అనుకోరు. మా మందిరంలో పెళ్లిళ్లకూ క్రిస్మస్‌కూ వేదిక అలంకరించేదాన్ని. ఒక పెళ్లికి వచ్చిన ఇళ్ల బ్రోకరుగారు ఆ తెరలూ దీపాలూ చూసి, "అమ్మా, ఈ చేత్తో మా ఇల్లొకటి బాగు చేసి పెట్టండి. ఏడాదై అమ్మకానికి పెట్టేం, ఒక్కరూ రెండోసారి రావట్లేదు" అన్నారు. ఆ ఇల్లు నెలలో అమ్ముడుపోయింది. దేవుడు నాకు చూపించిన బతుకుతెరువు ఇదేనని సంఘంలో సాక్ష్యం చెప్పాను. అప్పటినుంచి ఇదే చేస్తున్నాను. ఒక సోఫా, రెండు నిలువు దీపాలు, నాలుగు జతల తెరలు, కుండీలు, మంచం మీదికి తెల్లదుప్పట్లు ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్తాను. ఇంటివాళ్ల సామాన్లలో సగం బయటికి పంపిస్తాను. ఎరువుల కొట్లవాళ్లు ఇచ్చిన క్యాలెండర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, బీరువా మీది సూట్‌కేసులు ముందు పోతాయి. దేవుడి మూల మాత్రం నేను ముట్టుకోను. అది వాళ్లే సర్దుకోవాలి.

నాకొక నియమం ఉండేది. కొనడానికి వచ్చినవాళ్లు ఏదైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అడగనిదానికి జవాబు అక్కర్లేదు. సున్నం కొట్టిన సమాధుల్లా బయట తెల్లగా ఉండి లోపల ఎముకలు దాచేవాళ్లను ప్రభువు ఎలా గద్దించాడో నాకు తెలుసు. ఆ భాగం మీద మా పాస్టరు అయ్యగారు ప్రసంగించిన ఆదివారం నేను ముందు వరసలోనే కూర్చున్నాను. అది నా గురించి కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయే ఇల్లు ఉప్పలగుప్తం దాటి అల్లవరం వైపు వెళ్లే దారిలో ఉంది. మూడు గదుల డాబా, వెనక నుయ్యి, పక్కన పదిహేను కొబ్బరిచెట్లు. ఇంటాయనకు యాభై దాటాయి. వరి, కొబ్బరి తప్ప మరొకటి చేసినవారు కారు. చుట్టుపక్కలవాళ్లు రొయ్యల చెరువులు తవ్వుకున్నా ఆయన మాత్రం తన పొలం చెక్క ఇవ్వలేదు. ఇవ్వనందుకు మిగిలిందేమీ లేదు. మూడు వైపులా చెరువులు వచ్చాక నూతిలో నీళ్లు ఉప్పెక్కాయి. కొబ్బరిచెట్లకు మొవ్వులు సన్నబడ్డాయి. గోడల మీద మోకాలి ఎత్తు వరకు తెల్లటి పొడి పూసి, చెయ్యి తగిలితే సిమెంటు రాలేది. తాగడానికి టిన్నులతో నీళ్లు తెచ్చుకునేవారు. మిగతా అన్నిటికీ ఆ నుయ్యే.

ఆయన భార్యకు నలభై రెండేళ్లు. రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. నీళ్ల వల్లేనా అని అడిగితే డాక్టరుగారు ఔననలేదు, కాదనలేదు. వారానికి మూడు రోజులు రక్తం శుద్ధి చేయించుకోవాలి. దగ్గర్లో ఖాళీ దొరక్క కాకినాడ వెళ్తున్నారు. తెల్లవారకముందే ఆటో ఎక్కి అమలాపురం, అక్కడ బస్సెక్కి ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ, నాలుగు గంటలు మంచం మీద పడుకుని మళ్లీ అదే దారి. పిల్లలు లేరు. ఇల్లు అమ్మితే ఆసుపత్రి పక్కన రెండు గదులు తీసుకుని ఉండొచ్చు. వాళ్లు కోరుకున్నది అంతే.

నేను మొదటిసారి వెళ్లినరోజు ఆవిడ నులకమంచం మీద ఒరిగి ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"పడుకోండమ్మా" అన్నాను.

"పడుకునే ఉంటానక్కా. ఒకరోజు వెళ్లడం, ఒకరోజు వెళ్లొచ్చినందుకు పడుకోవడం. ఇంక ఇల్లెప్పుడు చూసుకుంటాను? మీరే కాస్త చూసి పెట్టండి" అని నవ్వింది. ఎడమచేతి మీద సూదులు గుచ్చే చోట నరం బొటనవేలంత లావున ఉబ్బి ఉంది. నా చూపు అక్కడికి పోవడం గమనించి, కొంగు దాని మీదికి లాక్కుంది.

వారం పట్టింది నాకు. రాలిన గోడను గీకించి, కింది భాగమంతా చెక్కరంగు ప్లాస్టిక్ పలకలు బిగించాను. కుళాయిలకు పట్టిన తెల్లపొక్కును చింతపండుతో తోమించాను. ట్యూబులైట్లు తీసి పసుపుపచ్చ బల్బులు పెట్టాను. వంటింట్లో వరుసగా నిలబెట్టిన నీళ్ల టిన్నులను కొట్టుగదిలోకి చేర్చాను. మందుల డబ్బాను బట్టల బీరువాలో దాచాను. అంతా అయ్యాక ఆయన గుమ్మంలో నిలబడి, "మా ఇల్లేనా అండీ ఇది" అన్నారు. నాకు గర్వం కలిగింది. అది నిజం.

చూపులు ఆదివారం మధ్యాహ్నానికి కుదిరాయి. మెట్ట ప్రాంతంలోని ఒక ఊరినుంచి బదిలీ మీద వస్తున్న బడిపంతులుగారు, భార్య, తల్లి. తల్లి మాటే చెల్లుతుందని బ్రోకరుగారు ముందే చెప్పారు. "ఆవిడ గోడలు చూడరండి, నీళ్లు చూస్తారు" అన్నారు. ఆ మాట విన్న ఇంటాయన నన్ను వెనక పెరట్లోకి తీసుకెళ్లారు.

"కాలవనీళ్ల ట్యాంకరు ఒకటి తెప్పిద్దామండి. పైన ట్యాంకు ఖాళీ చేసి మంచినీళ్లు పోయిస్తే, ఆ పూటకి కుళాయిలన్నీ తియ్యగానే వస్తాయి. ఎవరికి తెలుస్తుందండీ?"

"అలా చెయ్యకూడదండి" అన్నాను.

"ఎందుకండీ?"

"అది మోసమవుతుంది."

ఆయన కోప్పడలేదు. మెల్లగా అడిగారు. "గోడకి మీరు పలక కొట్టేరు కదండీ. నీళ్లకి కొడితే పాపమా?"

జవాబు తోచనప్పుడు బైబిలు వాక్యంలోకి వెళ్లడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆయనతో చెప్పాను: మా గ్రంథంలో ఒక ఊరి ఊట చెడిపోతే, నీళ్లు పనికిరాక నేల కాపు కాయకపోతే, ప్రవక్త ఒకాయన కొత్త గిన్నెలో ఉప్పు తెప్పించి ఆ ఊటలో వేశారు, నీళ్లు బాగయ్యాయి. ట్యాంకరు వద్దు, అడుగుదాం, నిన్నటి దేవుడే నేడూ ఉన్నాడు. ఇది ఆయన్ని ఓదార్చడానికి చెప్పిన మాట కాదు. నేను నమ్మాను. ఆ వారమంతా మా సంఘంలో ఆడవాళ్లం పదకొండుమంది ఆ నూతి కోసం ఉపవాసం ఉన్నాం. శుక్రవారం పొద్దున ఒక కొత్త గిన్నె కొని, కొట్లో కల్లుప్పు పొట్లం తీసుకుని ఆ ఇంటికి వెళ్లాను.

నూతి గట్టు దగ్గర ముగ్గురం నిలబడ్డాం. నేను ప్రార్థన చేసి, గిన్నెలో ఉప్పు దోసిలితో తీసి నూతిలో వేశాను.

"ఉన్నది చాల్లేదా అండీ?" అన్నారు ఇంటాయన.

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వి నవ్వి ఆయాసం వచ్చి గట్టు మీద కూర్చుంది. "ఊరుకోండి మీరు. మన దేవుళ్లందరికీ చెప్పేసేను, వినలేదు. అక్కగారి దేవుడొక్కడే మిగిలేడు. ఆయన్ని కూడా వెటకారమాడితే ఎలాగండీ" అని, రెండు చేతులూ జోడించి నూతి వైపు తిరిగి కళ్లు మూసుకుంది. నేను ఆమేన్ అంటే తానూ అంది.

ఆదివారం ఆరాధన ముగిశాక తిన్నగా అక్కడికే వెళ్లాను. ముందురోజే కాకినాడ వెళ్లొచ్చి ఆవిడ నీరసంగా ఉంది. జబ్బు మనిషి ఉన్న ఇల్లు ఎవరూ కొనరు. మా పనిలో అది అందరికీ తెలిసిన సంగతే. అందుకని ఆవిడను పక్కింటి అరుగు మీద కూర్చోమన్నాను. "ఎంతసేపక్కా?" అని మాత్రం అడిగింది. ఒక గంట అన్నాను. నులకమంచం దొడ్డి వెనక నిలబెట్టించి, ఆ చోట నా సోఫా వేశాను.

వాళ్లు మూడు గంటలకు వచ్చారు. పంతులుగారి భార్య గదులన్నీ తిరిగి, తెరలు పట్టుకు చూసి, "చాలా బాగుందండి" అంది. తల్లిగారు సోఫాలో కూర్చోనే లేదు. నేరుగా వంటింట్లోకి నడిచి, కొంగుచివర ముడి విప్పారు. గుప్పెడు కందిపప్పు.

"అమ్మాయ్, గిన్నెలున్నాయా?"

గిన్నె తీసి ఇవ్వబోయాను. "మీదేవూరు? ఎవరమ్మాయివి?" అని అడిగారు. అమలాపురమని, మందిరం వీధి అని చెప్పాను. "ఓహో" అన్నారు. నా చేతిలోది వదిలేసి అలమరలోంచి ఇంకో గిన్నె తానే తీసుకున్నారు. "నువ్వు కుళాయి తిప్పు చాలు."

తిప్పాను. ఆ నీళ్లు గిన్నెలో పడుతుంటే నా పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"కుక్కర్లో పెడదామత్తయ్యా. నాలుగు విజిల్స్‌కి అయిపోతుంది" అంది కోడలు.

"కుక్కరుకేం, రాయేసినా మెత్తబడుతుంది. నీళ్ల సంగతి తేలాలంటే మూతలేని గిన్నెలోనే తేలాలి" అని ఆవిడ పొయ్యి వెలిగించి, పీట వేసుక్కూర్చున్నారు. "మా పెళ్లికి ముందు మా అత్తగారు మా పుట్టింటికి ఇలాగే వచ్చి పప్పు ఉడికించుకు చూసిందిట. నన్ను చూళ్లేదు, నీళ్లు చూసింది."

"నీళ్లు బాగుండబట్టి నేను పుట్టేను" అన్నారు పంతులుగారు గుమ్మంలోంచి. అందరూ నవ్వారు. ఇంటాయన కూడా నవ్వారు.

నీళ్లు మరిగాయి. నురగ పొంగింది, తగ్గింది. అరగంట గడిచింది. ఆవిడ గరిటెతో నాలుగు బద్దలు తీసి వేళ్ల మధ్య నొక్కారు. "ఇంకాసేపు" అన్నారు. ఇంకో పావుగంటకు మళ్లీ నొక్కారు. బద్దలు తిరిగి గిన్నెలో వేశారు. నేను వంటింటి గోడకు ఆనుకుని, తండ్రీ, ఈ గుప్పెడు పప్పు, ఈ గుప్పెడే అంటున్నాను. నా జీవితంలో ఒక చిన్న సంగతి కోసం అంత గట్టిగా అడిగింది లేదు. గిన్నెలో బద్దలు గలగలమంటూ తిరుగుతున్నాయి. మెత్తబడిన పప్పుకు ఆ చప్పుడు ఉండదు.

అప్పుడు వెనక గుమ్మం తెరుచుకుని ఇంటావిడ లోపలికి వచ్చింది. గంట దాటిపోయింది. పక్కింటి అరుగు మీద కూర్చోలేకపోయిందట. చీర చెంగు జారి చెయ్యి కనబడుతోంది. అందరి వైపూ చూసి, పొయ్యి మీది గిన్నె చూసి, దగ్గరికి నడిచి మంట ఆపేసింది.

"ఉడకదండి మామ్మగారూ. గ్యాసు దండగ" అంది.

ఇంటాయన తల పక్కకు తిప్పుకున్నారు. పెద్దావిడ పీట మీదినుంచి ఆవిడ చేతిని చాలాసేపు చూశారు.

"కిడ్నీలా అమ్మా?"

"ఆయ్."

"ఎన్నాళ్లనుంచి?"

"రెండేళ్లవుతోందండి. కాకినాడ దగ్గరగా ఉంటే వెళ్లిరావడం తగ్గుతుందని అమ్మేద్దామనుకున్నాం."

పెద్దావిడ లేచి, ఆవిడ చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి నడిపించి నా సోఫాలో కూర్చోబెట్టారు. తరువాత నా వైపు తిరిగారు. "గోడలకి పలకలేసేవు, సరే. లోకంలో అందరూ వేస్తున్నారు. మనిషిని కూడా దాచేవా అమ్మాయ్?"

అడిగితే ఉన్నది చెప్పాలన్నది నా నియమం. "దాచేనండి" అన్నాను.

వాళ్లు మర్యాదగానే వెళ్లారు. "మాట్లాడుకుని చెబుతామండి, ఆయ్" అన్నారు పంతులుగారు. మా వైపు ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. కోడలు వెళ్తూ వెళ్తూ ఇంటావిడ భుజం మీద చెయ్యి వేసింది. ఇంటాయన గిన్నెలోని నీళ్లు పెరట్లో వంపి, పప్పు కోళ్లకు వేశారు. అవి పొడిచి చూసి వదిలేశాయి.

"ఎందుకు వచ్చేవు నువ్వు?" అని ఆయన భార్యను అడిగింది ఒకే ఒక్కసారి.

"ఆ పిల్ల మంచిదండి. ఇల్లు కొంటే ఈ వంటింట్లో కూర్చుని రోజూ నన్ను తిట్టుకుంటుంది" అంది ఆవిడ, ఆ కోడలి గురించి.

సోఫా రెండు రోజులు ఉంచమని ఆవిడ అడిగింది. నులకమంచం కంటే నడుముకు హాయిగా ఉందని. రెండు నెలలు ఉంచాను.

ఆ రెండు నెలల్లో ఆ ఇంటి మెట్టు ఇంకెవరూ ఎక్కలేదు. ఉడకని పప్పు సంగతి మెట్ట ఊళ్లదాకా పాకిందని బ్రోకరుగారు చెప్పారు. ఆయన కూడా ఆ ఇంటి గురించి మాట్లాడటం మానేశారు. సంఘంలో, ఉపవాసమున్న పదకొండుమందిలో ఒకావిడ, "సాక్ష్యం ఎప్పుడు చెబుతారు?" అని అడిగింది. చెబుతాను అన్నాను. మా అయ్యగారు, దేవుని ఆలస్యాన్ని నిరాకరణ అనుకోకూడదని ఓదార్చారు. ఆయన మంచివారు. కానీ వారానికి మూడుసార్లు ఆలస్యం చేయకూడని పని ఒకటుందని ఆయనకు చెప్పలేకపోయాను.

పలకలు విప్పడానికి మొన్న వెళ్లాను. మేకులు బిగించిన చోటల్లా తెల్లపొడి బయటికి వచ్చింది. ఒక పలక లాగితే దాని వెనక సిమెంటు మొత్తం ఊడి నా కాళ్ల మీద పడింది. గోడ మునుపటికంటే పాడైంది. గాలి ఆడక అలా అయిందని మేస్త్రి అన్నాడు. పలకలు వేయించింది నేనే.

ఆవిడ సోఫాలో పడుకునే ఉంది. మొహం ఉబ్బింది. ఇప్పుడు వారానికి రెండుసార్లే వెళ్తోందట. మూడు తప్పనిసరి అని డాక్టరుగారు అన్నారట.

"ఆవిడే వద్దంటోందండి. నేనేం చెయ్యను?" అన్నారు ఇంటాయన గుమ్మం బయట నిలబడి.

"బస్సు ఎక్కలేకపోతున్నానక్కా" అంది ఆవిడ. "దిగేటప్పుడు బానే ఉంటుంది. ఎక్కేటప్పుడే, మళ్లీ ఎల్లుండి ఎక్కాలి కదా అనిపిస్తుంది."

ఆవిడ పక్కన కూర్చున్నాను. వాక్యంలో నాకు కంఠతా వచ్చిన ఓదార్పులు చాలా ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. ఆవిడే అడిగింది.

"ప్రార్థన మానేసేరా అక్కా?"

"లేదమ్మా, రోజూ చేస్తున్నాను" అన్నాను.

అది అబద్ధం. ఆ ఆదివారం తరువాత ఆ ఇంటి కోసం నేను మోకరించలేదు. అడిగినవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న నా నియమం ఆవిడ దగ్గరే తప్పింది. సోఫా తీసుకురాలేదు, అక్కడే వదిలేశాను. ట్రాలీ ఆటో ఖాళీగా తిరిగొచ్చింది.

ఆ అబద్ధాన్ని నిజం చేయాలని రోజూ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంటున్నాను. ఏమని అడగాలో తెలియడం లేదు. ఇల్లు అమ్ముడుపోవాలని అడగబోతే, ఆ వంటింట్లో పొయ్యి ముందు కూర్చునే ఇంకో ఆడమనిషి కనబడుతుంది. అమ్ముడుపోవద్దని ఎలా అడుగుతాను? నూతి నీళ్లు మారాలని ఒకసారి నమ్మకంతో అడిగాను. మళ్లీ అడగడానికి కావలసిన నమ్మకం కోసమే ముందు అడుక్కోవాలేమో. కళ్లు మూసుకుని అలా ఉండి, ఏమీ అనకుండానే లేచి పనికి వెళ్లిపోతున్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. మీరు ఏ సంఘంలో కూర్చునేవారైనా సరే, ఇది చదివి పక్కన పెట్టే ముందు ఒక్క నిమిషం నాతోపాటు మోకరించండి. మంగళ, గురు, శనివారాల్లో బస్సు ఎక్కవలసిన ఒక మనిషిని దేవుని ఎదుట తలుచుకోండి. ఏమని అడగాలో మీకు తోస్తే, మీరే అడగండి. నా నోట మాట లేదు. మీ వెనక నిలబడి ఆమేన్ అంటాను.